దండ లేని దొంగలు

ఒక పెద్ద అడవిలో దొంగతనాలకంటే దొంగతనాల మీద జరిగే సమావేశాలే ఎక్కువగా ఉండేవి. ఆ అడవికి భద్రతాధికారి తీతువు పిట్ట. ఎక్కడ ఏ లోపముందో కనిపెట్టి ముందుగా చెప్పడం దాని ఉద్యోగం. చెప్పినందుకు తిట్లు తినడం కూడా ఉద్యోగంలో భాగమేనని చేరాకగానీ దానికి తెలియలేదు.

కొండగుహలో జంతువులన్నీ విప్పపూలు, తేనె, ఎండబెట్టిన రేగుపళ్లు దాచుకునేవి. వేసవి గడవాలంటే అడవి మొత్తానికి అదే ఆధారం. కాపలా అడవిదున్నది. దున్న మంచిదే కానీ, "అధ్యక్షులవారు పంపారు" అని ఎవరన్నా సరే, వినయంగా పక్కకి తప్పుకునేది. కిందటేడు అడవిపందులు ఆ ఒక్క మాట చెప్పి దర్జాగా లోపలికెళ్లి సరుకంతా మోసుకుపోయాయి. ఆ వేసవిలో ఆకలికి తీతువు పిల్ల ఒకటి చనిపోయింది. మిగిలిన పిల్లనైనా దక్కించుకోవాలని దాని తాపత్రయం.

అందుకని పునుగుపిల్లిని ఉత్తుత్తి దొంగగా పెట్టుకుంది. అది గుహ దగ్గరికొచ్చి "అధ్యక్షులవారు పంపారు" అంటుంది. నమ్మి వదిలినవాళ్లు కూర్చుని తీతువు చెప్పే పాఠం వినాలి.

మొదట దున్న దొరికిపోయింది. దాని బదులు కాపలాకి నిలబడ్డ దుప్పీ దొరికిపోయింది. ఒకరోజు అధ్యక్షుడైన ఎలుగుబంటే గుహ ముందు కూర్చుని ఉంటే, పునుగుపిల్లి వచ్చి "అధ్యక్షులవారు పంపారు" అంది.

"అలాగా, అయితే వెళ్లు" అంది ఎలుగుబంటి.

వెంటనే మహాసభ పెట్టారు.

"సాటి ఉద్యోగుల్ని ఇలా మోసం చేస్తారా?" అని దుప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"దొంగ ముందు చెప్పి రాడు కదండీ" అంది తీతువు.

"దొంగలతో వచ్చిన చిక్కే అది తీతువమ్మా" అంది ఎలుగుబంటి. "కనీసం మనం పెట్టుకున్న దొంగయినా పద్ధతిగా ఉండొద్దా?"

ఇకమీదట ఉత్తుత్తి దొంగ మెడలో మోదుగపూల దండ వేసుకునే రావాలని తీర్మానించారు.

అప్పట్నుంచి ఒక్కరూ పరీక్ష తప్పలేదు. ఎర్రటి దండ వేసుకుని పునుగుపిల్లి అల్లంత దూరాన కనబడగానే, "దొంగ వస్తోంది" అని దున్న రంకె వేసేది. అందరికీ మెచ్చుకోళ్లు దక్కాయి. ఇదేం పరీక్షరా నాయనా అని తీతువు నెత్తీ నోరూ కొట్టుకుంది.

"ఫలితాలు ఇంత బాగుంటే ఆ ఏడుపేంటమ్మా?" అని ఎలుగుబంటి విసుక్కుంది.

ఎండలు ముదిరాయి. ఓ మిట్టమధ్యాహ్నం అడవిపందులు వచ్చాయి. "అధ్యక్షులవారు పంపారు" అంది పెద్దపంది.

దున్న ఈసారి బాగా అప్రమత్తంగా ఉంది. ఒక్కొక్కరి మెడా పరీక్షగా చూసింది. ఎవరికీ దండ లేదు.

"దొంగలు కారన్నమాట. దయచేయండి" అంది. తేనెకుండలు బరువని సాయం కూడా పట్టింది.

తీతువు గొంతు చించుకుని అరిచింది. జంతువులన్నీ పరుగెత్తుకొచ్చి పందుల మెడలవంక చూశాయి.

"దండ లేనివాళ్లని పట్టుకుని దొంగలంటావా? ఎంత నొచ్చుకుంటారు?" అని దుప్పి మందలించింది. పందులు నొచ్చుకుంటూనే సరుకంతా మోసుకుపోయాయి.

గుహ ఖాళీ అయ్యాక విచారణ సంఘం వేశారు. దున్న నియమం ప్రకారమే నడుచుకుందని, దండ వేసుకోకుండా రావడం పందుల పొరపాటని, ఆ నియమం పందులకి తెలియజేయకపోవడం మాత్రం తీతువు నేరమని సంఘం తేల్చింది. అందుకు శిక్షగా తీతువు భద్రతా పాఠాలు వినాలి. పాఠం చెప్పడానికి, గుహ గురించి ఇంత అనుభవం ఇంకెవరికుందని, పెద్దపందినే సలహాదారుగా నియమించారు.

ఆకలికి సోలిపోతున్న పిల్లని రెక్క కింద పొదువుకుని తీతువు ముందు వరసలో కూర్చుంది. దానికి ఏడుపు ఆగలేదు. పెద్దపంది తేనె ఒలుకుతున్న మూతి తుడుచుకుని, "అందరూ జాగ్రత్తగా ఉండాలి" అని మొదలుపెట్టింది. చప్పట్లు కొట్టాలని అందరికీ ఉంది కానీ, ఎవరి ఒంట్లోనూ ఓపిక లేదు.

నీతి: దొంగలు నియమాలు పాటించినంతకాలం అడవికి ఏ ప్రమాదమూ లేదు.