గొంతు లేని గెలుపు

ఆదివారం పొద్దున సెలూన్ షట్టర్ పైకెత్తేటప్పుడు బామ్మర్ది మనసులో ఉన్న పథకం చాలా చిన్నది. బావని సాయంత్రం దాకా ఇల్లు కదలకుండా చూడాలి. ఎవరికీ దెబ్బ తగలకూడదు, ఎవరి మనసూ నొచ్చుకోకూడదు, టీము బతకాలి. ఇంత చిన్న పథకం పాడవడానికి సందు ఎక్కడుందని అతను నిశ్చింతగా కత్తెర్లు తుడుచుకున్నాడు.

అతని బావ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ ఆయన్ని గొంతు అనే పిలుస్తారు. మిల్లు నడిచిన రోజుల్లో ఆయన మగ్గాల షెడ్డులో మేస్త్రీ. ఆ రొదలో మాట వినపడాలంటే అరవాలి. మిల్లు మూతపడ్డాక ఇనుప సామాన్ల కొట్టులో గుమాస్తాగా చేరాడు కానీ అలవాటు పోలేదు. మేకులు ఏ సైజువి కావాలని ఆయన అడిగితే ఎదురు సందులో నిద్రపోయే కుక్కలు లేచేవి. మిల్లు ఫుట్‌బాల్ టీము ఆడే ప్రతి మ్యాచ్‌లోనూ స్టాండు మొత్తానికి ఆ గొంతే పెద్ద దిక్కు. ఆయన భార్యకి స్వయానా తమ్ముడు కాబట్టి సెలూనాయన స్టాండు మొత్తానికీ బామ్మర్ది అయ్యాడు. ఆ పిలుపు అతనికి నచ్చదు, కానీ వరసలు మనం ఎంచుకుంటే వచ్చేవి కావు.

మిల్లు పోయింది, టీము మిగిలింది. అది కూడా మూడో డివిజన్‌లో అట్టడుగున, కొన ఊపిరితో ఉంది. దాని కింద ఇంకో డివిజన్ లేదు. ఈ ఆదివారం ఆఖరి మ్యాచ్. ఓడితే టీము రద్దు, గ్రౌండులో గిడ్డంగులు కడతామని యజమానులు ముందే చెప్పేశారు.

"పోతే పోనీ," అన్నాడు గొంతు ఆ వార్త విన్నరోజు. "పోయేటప్పుడు పక్కన నేనుండాలి. మా నాన్న పోయినప్పుడు నేను షిఫ్టులో ఉన్నా. కడసారి చూపు దక్కలేదు. దీన్నయినా దగ్గరుండి సాగనంపుతాను."

ఆ మాటకి సెలూన్లో ఉన్నవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి. చిక్కంతా తర్వాత వచ్చింది. పోయిన ఆదివారం టీము గెలిచింది.

సీజన్ మొదలైనప్పటినుంచి అదే మొదటి గెలుపు. ఓటమి అయితే ఎవరూ కారణం వెతకరు, అది ఇంటి మనిషిలాంటిది. గెలుపు అలా కాదు, ముక్కూమొహం తెలియని చుట్టం దిగినట్టు కంగారు పెడుతుంది. మర్నాడు సెలూన్లో విచారణ మొదలైంది.

"ధర్మసత్రం బాగా ఆడాడంటావా?" అన్నాడు వెల్డర్, గడ్డం నిండా నురగతో. వచ్చిన బంతిని వచ్చినట్టు లోపలికి పంపిస్తాడని గోల్‌కీపర్‌కి ఆ పేరు పెట్టారు.

"వాడేం ఆడాడు? రెండుసార్లు బంతి గోల్‌పోస్టుకి తగిలి వెనక్కొచ్చింది. మెడల్ ఇవ్వాలంటే ఆ పోస్టుకివ్వాలి," అన్నాడు పక్క కుర్చీలో ఉన్న మందుల షాపాయన.

"పోనీ, డిఫెన్సులో మన పెళ్ళికొడుకు?"

"వాడి చొక్కా చూశావా? ఇస్త్రీ మడత కూడా నలగలేదు."

"మాస్టారు?"

మాస్టారు సెంటర్ ఫార్వర్డ్. ఉన్నచోటునుంచి కదలకుండా అందరికీ వేలు చూపించి పాఠం చెబుతాడు. ఆ రోజు కూడా వేలు చూపిస్తుండగానే పిక్క పట్టేసి కూలబడ్డాడు. అతని బదులు దిగినవాడు బెంచీ. సీజనంతా కూర్చుని కూర్చుని ఆ పేరు తెచ్చుకున్న మనిషి. దిగీ దిగగానే రిఫరీతో గొడవ పెట్టుకున్నాడు. ఆ గొడవలో ఉండగా కార్నర్ నుంచి ఎగిరొచ్చిన బంతి అతని వీపుకి తగిలి గోల్లో పడింది. గోల్ కొట్టిన సంగతి గ్రౌండులో అందరికంటే ఆఖరున తెలిసింది అతనికే.

అలా టీము మొత్తాన్ని జల్లెడ పట్టారు. గెలుపుకి కారణం కాగల మొనగాడు ఒక్కడూ తేలలేదు.

"మరి ఆ రోజు కొత్తగా జరిగిందేంటి?" అన్నాడు వెల్డర్.

ఆ రోజు గొంతు రాలేదు. జ్వరమని కబురు చేశాడు. ఈ సీజన్‌లో ఓడినప్పుడల్లా "అన్నా, నువ్వరుస్తుంటే అవతలివాళ్ళు కాదు, మనవాళ్ళే భయపడి బంతి వదిలేస్తున్నారు" అని ఆయన్ని ఏడిపించినవాళ్ళే అందరూ. అప్పుడది వేళాకోళం. ఒక్క గెలుపుతో అది శాస్త్రమైపోయింది.

ఆ సాయంత్రం గొంతు స్వయంగా సెలూన్‌కి వచ్చాడు. బామ్మర్ది ఉత్సాహంగా కథంతా చెప్పాడు.

"బెంచీగాడు ఏం హెడ్డర్ కొట్టాడనుకున్నావు బావా!"

"తల కాదు, వీపు," అన్నాడు గొంతు నీరసంగా.

"నీకెవరు చెప్పారు?"

"బెంచీగాడి తలకి బంతి తగలదని ఒకరు చెప్పాలా?"

ఆయన గడ్డం గీయించుకోకుండానే వెళ్ళిపోయాడు. జ్వరం మనిషిని బాగా తినేసిందని అందరూ జాలిపడ్డారు. జాలిపడుతూనే, ఆఖరి మ్యాచ్‌కి ఆయన్ని రానివ్వకూడదని తీర్మానించుకున్నారు.

అందుకని ఆదివారం పొద్దున్నే బామ్మర్ది అక్క దగ్గరికి వెళ్ళాడు. నీ మొగుడి పాదం మంచిది కాదని చెబితే అక్క చీపురు తిరగేస్తుంది. కాబట్టి నిజం పక్కనబెట్టాడు.

"బావకి బీపీ ఎక్కువగా ఉందక్కా. ఇవాళ టీము పోతే గుండె తట్టుకోదు. నడుంనొప్పి అని మంచమెక్కు, నిన్నొదిలి ఎక్కడికీ పోడు."

"నడుంనొప్పికా?" అంది అక్క. "పెద్దదాని కాన్పుకి నాకు నొప్పులొస్తున్నాయిరా అంటే, హాఫ్ టైమ్ దాకా ఓర్చుకోవే అన్న మనిషాయన."

తమ్ముడు వెళ్ళాక ఆవిడ బాగా ఆలోచించి, నడుంనొప్పిని గుండెనొప్పిగా మార్చుకుంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మందుల షాపాయనకి అప్పగించిన పని, గొంతు పరిగెత్తుకుంటూ వస్తే అక్కని చూసి, ఇవాళ ఆవిణ్ణి ఒంటరిగా వదలొద్దని చెప్పడం. వెల్డర్‌కి ఏ పనీ అప్పగించలేదు. అదే పొరపాటు. పని చెప్పకపోతే ఊరుకునే మనిషి కాదతను. పైగా ఆడవాళ్ళ నటన మీద అతనికి నమ్మకం లేదు. గొంతు స్నానానికి వెళ్ళిన సమయం చూసి వెల్డింగ్ మిషను వేసుకొచ్చి, ఆ ఇంటి ఇనుప గేటుని పైనా కిందా స్తంభానికి అతికేశాడు. చేసిన పనిలో మాత్రం మోసం లేదు. అతుకు కనపడకుండా ఆకురాయితో రుద్ది, నల్లరంగు కూడా పూశాడు. కిటికీలోంచి చూసిన అక్క, గేటు ఊగిపోతోందని ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటే ఇన్నాళ్ళకి వచ్చాడని సంతోషించింది.

మధ్యాహ్నం గొంతు బట్టలు మార్చుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అప్పుడు ఆవిడ ఛాతీ పట్టుకుని కుర్చీలో కూలబడింది.

"ఏవండీ... నాకేదో అవుతోందండీ..."

హాఫ్ టైమ్ దాకా ఓర్చుకోమంటాడనే ఆవిడ అనుకుంది. కానీ ఆయన మొహం పాలిపోయింది. అంబులెన్సుకి ఫోన్ చేశాడు. ఆ కేకకి ఫోన్ అవసరమే లేదని, మామూలుగానే ఆస్పత్రిదాకా వినపడి ఉంటుందని వీధివాళ్ళ అభిప్రాయం. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు తనకోసం అంత గట్టిగా అరవడం ఆవిడ వినలేదు. ముచ్చటేసింది. వెంటనే అంబులెన్సు అన్న మాట చెవినబడి, దడ కూడా పుట్టింది.

బామ్మర్దీ, మందుల షాపాయనా పరుగున వచ్చి, గేటు పట్టేసిందనుకుని గోడ దూకారు. మందుల షాపాయన బీపీ పట్టీ చుట్టి, వంగి నెమ్మదిగా అన్నాడు, "నటన చాలక్కా, తగ్గించండి."

"నాకు నిజంగానే గుండె దడదడలాడుతోంది తమ్ముడూ," అందావిడ.

బీపీ మీటరు సూది ఎంత పైకెక్కిందో చూసి అతను గబగబా పట్టీ విప్పేశాడు. "అన్నా, ఇది మన చేతిలో లేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిందే," అన్నాడు.

ఈ మందులవాడిలో ఇంత నటుడున్నాడా అని బామ్మర్ది లోలోపల మెచ్చుకున్నాడు. నటన కాదని అతని మొహం దగ్గరగా చూశాక తెలిసింది.

అంబులెన్సు వచ్చి ఆగింది. గేటు తెరుచుకోలేదు. గొంతు తన్నాడు, గుద్దాడు, భుజంతో కుమ్మాడు. బయట గుంపులో వెల్డర్ ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఒరేయ్! పొద్దున గేటు బాగుచేసింది నువ్వేనటగా?"

"నేనేనన్నా."

"మరి తెరుచుకోదేం?"

"అదీ... కాస్త గట్టిగా చేశానన్నా."

కోయాలంటే గ్యాస్ కట్టర్ కావాలి. అది షెడ్డులో ఉంది. షెడ్డు తాళంచెవి అతని భాగస్తుడి జేబులో ఉంది. భాగస్తుడు గ్రౌండులో ఉన్నాడు.

ఇక స్ట్రెచర్‌ని గోడ మీదుగా దాటించడం తప్ప దారి లేదన్నాడు అంబులెన్సు డ్రైవర్. బెల్టులు బిగిస్తే ఊపిరాడదని ఆవిడ ఒప్పుకోలేదు. లోపల గొంతూ బామ్మర్దీ ఎత్తారు. బయట వెల్డరూ, మళ్ళీ గోడ దూకి వెళ్ళిన మందుల షాపాయనా కుర్చీలెక్కి చేతులు చాచారు. నిజం చెప్పాలంటే ఆ నలుగురూ చాలా జాగ్రత్తగా పట్టుకున్నారు. స్ట్రెచర్ సగం గోడ దాటింది.

సరిగ్గా అప్పుడు రెండు వీధుల అవతల గ్రౌండులోంచి పెద్ద కేక లేచింది.

గోల్ పడ్డప్పుడు మాత్రమే వచ్చే కేక అది. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి ఆ కేకకి తల తిప్పకుండా ఉండటం ఆ నలుగురికీ చేతకాదు. నాలుగు తలలూ అటు తిరిగాయి. తలలతోబాటు చేతులూ తిరిగాయి. ఆవిడ మాత్రం తిరగలేదు, నేరుగా వీధిలోకి పడింది. ఎముక విరిగిన చప్పుడు అంబులెన్సు డ్రైవర్‌కి వినపడింది.

ఆ గోల్ కూడా మనవాళ్ళది కాదు.

ఆస్పత్రిలో డాక్టర్లు ఆవిడ గుండెని అన్ని విధాలా పరీక్షించి, నిక్షేపంలా ఉందన్నారు. కాలికి మాత్రం తొడదాకా కట్టు పడింది. గొంతుని ఇంట్లో కూర్చోబెట్టి తాము గ్రౌండుకి పోదామనుకున్న ముగ్గురూ వార్డులో గోడకానుకుని నిలబడ్డారు. వెల్డర్ భాగస్తుడు ఫోన్‌లో వార్త చెప్పాడు. టీము నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ధర్మసత్రం తన పేరు నిలబెట్టుకున్నాడు. మాస్టారు పిక్కనొప్పితో రాలేదు. పెళ్ళికొడుకు చొక్కా నలగలేదు. బెంచీ ఒక్కడే ఆఖరిదాకా పరిగెత్తాడట, అదీ ఏడుస్తూ. మ్యాచ్ అవగానే గ్రౌండు గేటుకి కొత్త తాళం వేసేశారట.

గొంతు, భార్య మంచం పక్కన కూర్చుని ఆ వార్త విన్నాడు. "కడసారి చూపు దక్కలేదురా," అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగలడని వాళ్ళకి ఆ రోజుదాకా తెలియదు.

బామ్మర్ది ఇక ఓర్చుకోలేకపోయాడు. "తప్పయిపోయింది బావా. చేసిందంతా మేమే. నువ్వు రాని రోజున గెలిచాం కదా, ఇవాళ కూడా నువ్వు రాకపోతే..." అంటూ గేటుతో సహా అన్నీ కక్కేశాడు.

మంచం మీంచి అక్క తలెత్తింది. "నాతో బీపీ అని చెప్పావు కదరా! ఈ ముక్క నన్నడిగితే చెప్పేదాన్ని కదా. పోయిన ఆదివారం ఆయన రాకపోవడమేంటి? జ్వరమూ లేదు, గిరమూ లేదు. అన్నం తిని మ్యాచ్‌కేగా వెళ్ళాడు!"

ముగ్గురూ గొంతు వైపు చూశారు. ఆయన తల దించుకున్నాడు.

"నేనరుస్తుంటే ఓడిపోతున్నామని మీరంతా అన్నారు కదరా. నవ్వుతూ అన్నా నాకెక్కడో గుచ్చుకుంది. నిజమేనేమో అనిపించింది. అందుకే మీకు జ్వరమని చెప్పి, అవతలివాళ్ళ స్టాండులో టికెట్ కొనుక్కున్నా. వాళ్ళ రంగు టోపీ పెట్టుకుని, నోరు విప్పకుండా కూర్చున్నా. బెంచీగాడి వీపుకి తగిలి గోల్ పడ్డప్పుడు కేక ఆపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకున్నా. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. చుట్టూ ఉన్న వాళ్ళు నేనూ వాళ్ళవాణ్ణే అనుకుని భుజం తట్టి ఓదార్చారు."

"మాకు చెప్పొచ్చు కదన్నా," అన్నాడు వెల్డర్ బొంగురుగా.

"ఏమని చెప్పను? శత్రువుల మధ్య కూర్చున్నానంటే స్టాండులోకి రానిస్తారా? కానీ నేనక్కడ కూర్చున్నందుకేగా గెలిచాం. ఇవాళ కూడా అక్కడే కూర్చుందామని టికెట్ తీసుకున్నా. ఇవాళొచ్చినవాళ్ళ టోపీ కూడా కొన్నా."

తాము పట్టుకున్న శాస్త్రం ప్రకారమే టీముని చంపింది తామేనన్న సంగతి ముందుగా వెల్డర్‌కి అర్థమైంది. అతను మొహం చేతుల్లో దాచుకుని వెక్కాడు. అది చూసి మందుల షాపాయన కళ్ళజోడు తీసేశాడు. బామ్మర్ది గోడ వెంబడి జారి నేలమీద కూర్చుండిపోయాడు. ఆఖరున గొంతు ఏడుపు అందుకున్నాడు. సీజనంతా అరిచిన గొంతు, ఒక ఆదివారమంతా నొక్కిపెట్టుకున్న గొంతు, ఒక్కసారిగా వార్డు కిటికీలు అదిరేలా పైకి లేచింది.

ఆ గోలకి పరిగెత్తుకొచ్చిన ఎముకల డాక్టర్, ఒక ఆడమనిషి కాలు విరిగితే ఇంతమంది మగవాళ్ళు ఇంతలా ఏడవడం తన సర్వీసులో చూడలేదని, మీరు చాలా అదృష్టవంతులమ్మా అని ఆవిడతో అన్నాడు.