మూడు రోజుల కుప్ప

గణాంకాధికారి బుర్రా పిచ్చేశ్వరాన్ని ఏప్రిల్లో ఆయన భార్య హైమవతి క్లోమంలోని ఒక కణానికి బదిలీ చేశారు. భార్య కదా అని ఎవరైనా అడ్డు చెబుతారనుకున్నాడు. నిబంధనల్లో సొంత జిల్లా ఒక్కటే నిషేధం. రోజూ పదింటికి వెళ్ళి అయిదింటికి ఇంటికొచ్చేవాడు.

ఆ కణంలో ఇన్సులిన్ తయారవుతుంది. పోగులుగా వచ్చిపడే ప్రోటీన్లను మేస్త్రి నాంచారమ్మ మనుషులు సరిగ్గా మడతపెట్టి పంపాలి. మడత కుదరనివి మూల కుప్పపడతాయి. కుప్ప ఎంతుందో పిచ్చేశ్వరం రోజూ రిజిస్టర్లో రాస్తాడు. అది హద్దు దాటితే, అందులోని సమీకరణం కొత్త సరుకు ఆపి మనుషుల్ని పెంచమంటుంది. వరసగా మూడు రోజులు దాటే ఉంటే మాత్రం, ఇక బాగుపడదని కణాన్నే రద్దు చెయ్యమంటుంది. మన మడతపేచీలు మూడు తరాలు నడుస్తాయి. కణానికి మూడు రోజులే గడువు.

శుక్రవారం కుప్ప హద్దు దాటింది. పిచ్చేశ్వరం సరుకు ఆపించాడు, మనుషుల్ని వేయించాడు. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం. సెలవు రోజుల గడులు ఖాళీగా ఉంచకూడదని శాఖలో ఆనవాయితీ. సోమవారం రాగానే, ముప్ఫయ్యేళ్ళ అలవాటు కొద్దీ, రెండింట్లోనూ 'పైదే' అని, అంటే శుక్రవారం లెక్కేనని, రాసేశాడు. సమీకరణం మూడు రోజులు లెక్కపెట్టి రద్దు ఉత్తర్వు ఇచ్చింది.

"అదేంటి బాబూ! శనారం సాయంత్రానికే కుప్పంతా తీసేశాం. మావోళ్ళు నడుం వాల్చలేదు. ఆ మూల చూడండోపాలి" అంది నాంచారమ్మ.

చూశాడు. మూల అద్దంలా ఉంది.

"రిజిస్టర్లో అలా లేదమ్మా."

"అయితే దిద్దండి."

"దిద్దడానికి పైనుంచి అనుమతి రావాలి. రద్దు చెయ్యడానికి అక్కర్లేదు."

"అనుమతి ఎన్నాళ్ళకొస్తాది?"

"ఈలోపు మీరుండరు" అన్నాడు పిచ్చేశ్వరం, ఆమె మొహం చూడకుండా.

"ఆ ముక్క శుక్రారమే చెప్పుంటే, ఆ రెండ్రోజులూ పడుకునేవోళ్ళం గదా బాబూ!"

తర్వాత వాళ్ళు కణాన్నే చక్కగా మడిచి, చిన్న చిన్న మూటలు కట్టారు. పిచ్చేశ్వరం ఒక అంచు పట్టుకున్నాడు. తను చెయ్యగలిగింది అంతేనని నచ్చజెప్పుకోబోయాడు. నచ్చలేదు. 'రద్దుకు కారణం' అన్నచోట, నమూనాలో ముందే అచ్చువేసి ఉన్న 'స్వచ్ఛందం' కింద సంతకం చేశాడు. మూటల్ని పొరుగు కణాలు పట్టుకెళ్ళాయి. వాటితోపాటు, ఇన్నాళ్ళూ ఇది చేసిన పనిని కూడా వాటికే పంచారు.

మర్నాడు పొద్దున్న హైమవతి నాలుగో గ్లాసు మంచినీళ్ళు తాగి, కుర్చీలో కూలబడింది.

"ఏమిటోనండీ, ఈమధ్య ఒకటే దాహం, ఒకటే నీరసం."

"ఎండలు కదే" అని, పిచ్చేశ్వరం క్యారేజీ అందుకుని, పక్క కణంలో చేరడానికి బయల్దేరాడు.