ముదిగుబ్బలో గోల్ఫు పూలు

మనిషికి అసూయ పుట్టడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఒక షడ్డకుడు ఉంటే చాలు. భార్య అక్క మొగుణ్ణి మా అనంతపురం వైపు అలా అంటారు. నా వరకు ఆయన అడ్డకుడు.

మా రాజేంద్రన్న బెంగళూరులో ఉంటాడు. ఆయన కారు కొంటే ఓర్చుకున్నాను. జుట్టుకు రంగు వేస్తే, రంగు వేయడానికి జుట్టే లేని నేను ఓర్చుకున్నాను. కానీ మొన్న వేసవిలో ఒక ఫొటో పంపించాడు. తెల్ల టోపీ, చేతిలో వంకర కట్టె, మెడలో శాలువా. ఆఫీసులో గోల్ఫ్ పూల్ అని పందెం చీటీలు నడిపి, వచ్చిన డబ్బు అనాథాశ్రమానికి ఇచ్చాడట.

మా ఆవిడ పుష్పావతి ఆ ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసి మరీ చూసింది. పెళ్లిచూపుల్లో నన్ను కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

“బావది ఎంత మంచి మనసో” అంది.

“ఆ మనసు ఫొటోలో యాడ కనపడిందే నీకు?”

“శాలువా కింద.”

నాకు ఆ పూట సంగటి దిగలేదు. అప్పుడే నిశ్చయించుకున్నాను, ముదిగుబ్బలో నేనూ గోల్ఫ్ పూల్ నడపాలని.

ధర్మకార్యానికి కొరత లేదు. మా వీధి చివరి బడిలో బోరు మోటారు కాలిపోయి మూడు నెలలైంది. పిల్లలు ఇంటినుంచి సీసాల్లో నీళ్లు తెచ్చుకుంటారు, మధ్యాహ్నానికి అవి ఖాళీ. కొత్త మోటారు పెట్టిస్తే అక్కడ ఒక రాయి వేస్తారు. రాయి మీద నా పేరు ఉంటుంది. పుష్పావతి దాన్నీ పెద్దది చేసుకుని చూస్తుంది. నా ఆశంతా అదే.

నా విత్తనాల కొట్టు ముందు జనాన్ని పోగేసి పూల్ సంగతి చెప్పాను. విదేశంలో నాలుగు రోజుల గోల్ఫ్ పోటీ ఉంది. ఆడేవాళ్ల పేర్లు చీటీల మీద రాసి చెంబులో వేస్తాం. రెండు వందలిచ్చి ఒక చీటీ తీసుకోవాలి. డబ్బంతా మోటారుకే. ఎవరి ఆటగాడు గెలిస్తే వాళ్ల చేత మోటారు స్విచ్ వేయించి, వాళ్ల పేరే రాయి మీద చెక్కిస్తాం.

“అంటే గెలిచినోనికి దుడ్లు రావు, రాయి వస్తాది” అన్నాడు మా పక్కింటి ఆదెప్ప. “అసలు ఆట ఏందప్పా?”

“పద్దెనిమిది గుంతలు ఉంటాయి మామా. కట్టెతో బంతిని కొట్టి అన్నింట్లో వేయాల.”

“పద్దెనిమిదేనా? నా చేన్లో ఎండిన బోర్లే పదకొండు ఉండాయి.”

ఆట నియమాలు నాకూ తెలియవు. షడ్డకుణ్ణి ఒక్కమాట అడిగితే చెప్పేవాడు. అడగడానికి నోరు రావాలిగా.

అందుకని పోయినేడు ఇదే పోటీ ఫలితాలు ఫోన్‌లో తీసి చూశాను. అందరికంటే పైన ఉన్నవాడికి రెండు వందల అరవై ఎనిమిది, అట్టడుగువాడికి మూడు వందల ఒకటి. లిస్టు తలకిందులుగా వేసుకున్నారు, ఇంత డబ్బున్నవాళ్లకు ఎక్కువ తక్కువలు తెలియవే అని నవ్వుకున్నాను. ఇద్దరూ ఈ ఏడూ ఆడుతున్నారు. మూడు వందల ఒకటివాడి చీటీ నా చొక్కా జేబులోకి వెళ్లింది. రెండు వందల అరవై ఎనిమిదివాడి చీటీని బొటనవేలి కింద దాచాను. అది ఎవరికోసమో మీకు చెప్పనక్కర్లేదు.

చీటీలు తీసే రోజు పుష్పావతి ముందుకొచ్చింది. “బావ పేరు మీద ఒకటి తీస్తా.”

“చెంబు మూతి చిన్నది, నీ గాజులు పట్టవు. నేనే తీసిస్తా” అని, చెంబులో చెయ్యి తిప్పినట్టు తిప్పి, బొటనవేలి కింది చీటీని ఆమె చేతిలో పెట్టాను.

ఆమె నా వేలిని చూసింది. నా మొహాన్ని చూసింది. ఏమీ అనలేదు. పుష్పావతి ఏమీ అనని రోజు పంచాంగంలో మంచి రోజు కాదని అప్పుడే గ్రహించాల్సింది. పూల్ పుస్తకం రాసేది కూడా ఆమే. నా రాత చూస్తే నాకే మందుల చీటీ అనిపిస్తుంది.

మొదటి రోజు ఆట అయ్యాక, సెనక్కాయల ధరలు రాసే బోర్డు మీద మార్కులు రాశాను. నా మనిషికి డెబ్బై తొమ్మిది. షడ్డకుడి మనిషికి అరవై ఆరు. కొట్టు ముందున్న అందరికీ ఉగ్గాని, బజ్జీ పెట్టించాను.

రెండో రోజు నా మనిషికి ఎనభై మూడు. నా నడకే మారిపోయింది. నా ఎగురుడు చూడలేక, నన్ను ఓడగొట్టాలని చెంబులో మిగిలిన చీటీలన్నీ జనం ఎగబడి కొనేశారు.

మూడో రోజు చూస్తే లిస్టులో నా మనిషి పేరే లేదు.

“ఇంత సాధించినోణ్ణి ఇంకా ఎండలో ఎందుకు తిప్పేదని ఇంటికి పంపించింటారు” అని ఆదెప్పకు వివరించాను.

“కొబ్బరికాయ కొట్టి పంపించింటారు” అన్నాడు ఆదెప్ప.

ఇక ఆగేదేముంది? నల్లరాయి తెప్పించి నా పేరు చెక్కించాను: ‘ఓబులేష్ గారి గోల్ఫ్ ప్రతిభకు గుర్తుగా ఈ మోటారు.’ షడ్డకుణ్ణి స్వయంగా ఫోన్ చేసి పిలిచాను. చూసేవాడు లేని గొప్పతనం ఎందుకు?

సోమవారం పొద్దున బడి దగ్గర ఊరంతా చేరింది. మోటారు బిగించారు. రాజేంద్రన్న కారు దిగి, రాయి చదివి, బోర్డు మీద మార్కులు చదివి, టోపీ తీసి నవ్వడం మొదలుపెట్టాడు.

“ఏమప్పా ఓబులేషూ, ఎనభై మూడు కొట్టినోడు గెలిచినాడా? గోల్ఫ్‌లో తక్కువ కొట్టినోడే గెలిచేది. నీవాణ్ణి రెండో రోజే తరిమేసినారు. నిన్న కప్పు ఎత్తింది ఆ అరవై ఆరోడు.”

ఊరు ఊరంతా నా వైపు తిరిగింది.

“అదెట్లప్పా?” అన్నాడు ఆదెప్ప. “తక్కువ కాసిన సెనక్కాయ చేనికి యాడన్నా బహుమానం ఇస్తారా?”

పుష్పావతి ముందుకొచ్చింది. వాళ్ల నాయన తిప్పయ్య అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని, నీళ్లు పడే బోరు పాయింట్లు చూపించిన మనిషి. ఆమె బోరు బండి వెనక అడుగులు లెక్కపెడుతూ పెరిగింది.

“ఇది సెనక్కాయ లెక్క కాదు మామా, బోరు లెక్క. రెండు నూర్ల అడుగులకే నీళ్లు పడినోడు గెలిచినట్టా, వెయ్యి అడుగులు దించినోడు గెలిచినట్టా? బంతి గుంతలో పడాల. ఎన్ని దెబ్బలకు పడిందనేదే లెక్క.”

ఆ ఒక్క మాటతో ముదిగుబ్బకు గోల్ఫ్ అర్థమైపోయింది. వెయ్యి అడుగులు దించి దుమ్ము చూసిన ఆదెప్పకైతే నా ఆటగాడి మీద జాలి కూడా కలిగింది. “పాపం, వాడూ నా మాదిరే” అన్నాడు.

నేను తల వంచుకుని, నాకోసం తెచ్చుకున్న శాలువా సంచిలోంచి తీశాను. “అయితే గెలిచింది నువ్వే అన్నా. అరవై ఆరువాడు నీ చీటీనే.”

“నాకు చీటీ యాడిదప్పా?” అన్నాడు రాజేంద్రన్న.

పుష్పావతి పుస్తకం తెరిచింది. “బావకు ఫోన్ చేసి చెప్తే, ముదిగుబ్బలో గోల్ఫా అని నవ్వినాడు. నా మొగుడు బడికి నీళ్లు తెస్తాంటే నవ్వేదేంది అని కోపం వచ్చింది. నా దుడ్లు కట్టి నా పేరే రాసినా.”

నా మొగుడు అంది. అంతమందిలో అంది. ఆ మాట ఎవరైనా చెక్కిస్తే బాగుండు అనుకున్నాను.

ఆ సంతోషం ఇంటికి వెళ్లేదాకా కూడా నిలవలేదు. దారిలో అడిగాను, “తక్కువ కొట్టినోడే గెలుస్తాడని నీకు ఎప్పటినుంచి తెలుసే?”

“చీటీలు తీసిన రోజునుంచి, బావకు ఫోన్ చేసినప్పుడే. బొటనవేలి కింద చీటీ కూడా ఆ పొద్దే చూసినా.”

“మరి చెప్పలేదేం?”

“చెప్తే నువ్వు ఎగరవు. నువ్వు ఎగరకపోతే జనానికి కుళ్లు రాదు. కుళ్లు రాకపోతే చీటీలు పోవు. మోటారు ఎట్ల వస్తాదప్పా?”

పూల్ నడిపింది నేను. చెవిలో పూలు పెట్టించుకుందీ నేనే.

రాయి పారేయడం దండగని తిప్పి, వెనకవైపు ‘పుష్పావతి’ అని చెక్కించారు. నా గోల్ఫ్ ప్రతిభ ఇప్పుడు గోడవైపు ఉంది. గోడకు బాగానే కనిపిస్తుంది.

మోటారు బాగా పోస్తోంది. స్విచ్ దగ్గర మెడలో శాలువాతో ఆమె దిగిన ఫొటో చుట్టాలందరి ఫోన్లలోనూ ఉంది. ఎంత మంచి మనసో అంటున్నారట. రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాను. ఓ మూల నా మోచెయ్యి ఉంది.

షడ్డకుడి మీద నాకిప్పుడు ఏ అసూయా లేదు. సరుకు ఇంట్లోనే దొరుకుతుంటే బెంగళూరు దాకా ఎవరు పోతారు?