బొటనవేలి నెల

నవంబర్ మొదటి ఆదివారం పొద్దున భూపాల్‌రావు పెట్టుకున్న పని చిన్నదే. టీ తాగడం, కార్డులు రాయడం, పోస్టు డబ్బాలో వేసి రావడం. సుల్తానాబాద్ బడిలో ఇరవై ఆరేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి కాబట్టి, కార్డుల మీద వేయవలసిన తేదీని ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.

మనోరమ కిందటేడు డిసెంబర్ రెండున పోయింది. సంవత్సరీకానికి తేదీ కాదు, తిథి కావాలి. ఆమె తిథి శుద్ధ నవమి. ఆ ఇంట్లో తిథుల లెక్క ఎప్పుడూ ఆమెదే. బొటనవేలిని మిగతా నాలుగు వేళ్ల గణుపుల మీద నడిపిస్తూ, వీధిలో ఏ పిల్ల ఎప్పుడు ప్రసవిస్తుందో, ఎవరి మాసికం ఏనాడు వస్తుందో చెప్పేది. వేలికి మూడు గణుపులు, నాలుగు వేళ్లకు పన్నెండు. లెక్కల సారు ఇంట్లో ఉండగా వేళ్లతో పనేమిటని అతను నవ్వేవాడు. ఈ ఏడాది మాత్రం ప్రతి శుద్ధ నవమికీ గుడిలో స్వయంపాకం ఇచ్చి వచ్చి, తనూ ఒక్కో గణుపు జరుగుతూ వచ్చాడు. ఇక మిగిలింది ఒకటే. నవంబర్ ఇరవై ఒకటి, గురువారం. తిథి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి లెక్క చక్కగా కుదిరింది.

ఏడాదిగా ఆ ఇంట్లో కడిగేది ఒకటే కంచం. మనోరమ ఒంటి విస్తరిని చూడలేకపోయేది. దారిన పోయేవాళ్లనైనా పిలిచి పక్కన కూర్చోబెట్టేది. ఆమె పేరు మీద ఆ ఒక్క రోజైనా ఇంట్లో వరసగా విస్తళ్లు పడాలని అతని కోరిక. ఇరవై రెండు కార్డులు రాశాడు. అన్నింటి చివరా ‘తప్పక రాగలరు’ అని ఉంది. ‘తప్పక’ కింద గీత గీయాలనుకుని, బాగుండదని మానుకున్నాడు.

పద్దెనిమిదో తేదీన రామచంద్రం పంతులు ఊళ్లోకి వచ్చాడు. నాలుగు నెలలుగా వేములవాడలో కూతురింట ఉండి అప్పుడే బస్సు దిగాడు.

"గురువారమని ఎవలు జెప్పిన్రు సార్ మీకు?"

"నేనే లెక్కవెట్టిన పంతులూ. పన్నెండు నెలలు."

"గీ ఏడు శ్రావణాలు రెండొచ్చినయి గద. అధికమాసం. పదమూడు నెలలైతేనే ఏడాది. అమ్మది మార్గశిరం సార్, ఇంక నెలున్నది."

"మార్గశిరమని నాకెవరు జెప్పిన్రు?"

పంతులు గొంతు తగ్గించాడు. "నేనే జెప్పిన. ఆ దినం మీరు వినేటట్టు లేరు."

మళ్లీ కార్డులు రాస్తే అందేసరికి గురువారం దాటుతుంది. భూపాల్‌రావు పోస్టాఫీసుకు పరుగెత్తి రెండు టెలిగ్రాములు ఇచ్చాడు. ఒకటి వేములవాడలో ఉన్న మనోరమ అక్క రుక్మాబాయికి, ఇంకొకటి జైనూర్‌లో అడవి శాఖలో పనిచేసే బావమరిది బాలకిషన్‌రావుకు. మిగతావాళ్లకు వాళ్లే కబురు చేస్తారు. ఇంగ్లీషులో రాసింది అంతా కలిపితే, కార్యం నెల వాయిదా, బయలుదేరవద్దు అని. వచ్చేదారిలో పక్కింటి దర్జీ అక్బర్‌కు, వంట చేసే అంతయ్యను వద్దనమని చెప్పాడు.

అయితే ఆ రోజుల్లో టెలిగ్రామును ఎవరూ చదివేవాళ్లు కాదు. వచ్చిందంటే అర్థమైనట్టే. జవాను సైకిలు వాకిట్లో ఆగగానే రుక్మాబాయి కూలబడి ఏడుపు అందుకుంది. అటు జైనూర్‌లో బాలకిషన్‌రావు భార్య ప్రమోదిని కాగితం విప్పకుండానే అడవికి మనిషిని పంపింది. అతను వచ్చి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, కళ్లు తుడుచుకుని బయలుదేరాడు. మిగతావాళ్లకు కబురు చేయడమైతే ఇద్దరూ మరిచిపోలేదు. సంవత్సరీకానికి తీరిక లేదన్నవాళ్లు కూడా దీనికి తీరిక చేసుకున్నారు.

బుధవారం పొద్దున భూపాల్‌రావు ఒక్కడికి సరిపడా ఉప్మా కలుపుతుండగా వీధిలో ఏడుపు వినిపించింది. పాపం ఎవరికి ఏమైందోనని గంటె చేతిలో ఉండగానే తలుపు తీశాడు. ముందు రుక్మాబాయి, వెనక నలభై మందిదాకా. బాలకిషన్‌రావు చేతిలో బంతిపూల దండ.

ఏడుపు సగంలో ఆగింది.

"నువ్వు బతికే ఉన్నవా?" అంది రుక్మాబాయి.

"ఉన్న వదినె."

"మరి గీ తారేంది?"

"రావద్దని ఇచ్చిన."

"రావద్దని ఎవలన్న తారిస్తరా? ఏములాడ కాడ మొదలువెట్టి ఏడ్సుకుంట వచ్చిన. కరీంనగర్ల బస్సు మారంగ ఎవలో ముసలామె, నేనెవలో తెల్వకనే నాతోని ఏడ్సింది. ఆమెకేం జెప్పాలె ఇప్పుడు?"

బాలకిషన్‌రావు జేబులోని కాగితం తీసి మొదటిసారి చదివాడు. "ఇంగ్లీషైతే మంచిగనే ఉన్నది బావా," అన్నాడు. దండను ఎటు దాచాలో తోచక కాసేపు వెనక్కి పట్టుకుని నిలబడ్డాడు. చివరికి లోపలికి వెళ్లి మనోరమ ఫొటోకు వేశాడు. అది ఆమె కొలతకు కొంచెం పెద్దదైంది.

ఇంతమందికి తిండి ఎలాగని భూపాల్‌రావు గోడవైపు చూస్తుంటే అక్బర్ దగ్గరికి వచ్చి గొణిగాడు.

"సార్, అంతయ్యకు వద్దని జెప్పుమన్నరు గద. కుట్టుడు పనుల పడి మరిచిన. జర గుస్సా గాకున్రి. గురువారానికని సామాను తెచ్చుకునే ఉన్నడు, ఇయ్యాల్నే పొయ్యి వెట్టుమంట."

మధ్యాహ్నం వరండాలో రెండు వరసల విస్తళ్లు పడ్డాయి. చనిపోయాడనుకున్న మనిషి కాబట్టి భూపాల్‌రావుకు అందరూ కొసరి కొసరి వడ్డించారు. చాలని చేయి అడ్డం పెడితే, లెక్క ఎక్కడ తప్పిందో అప్పటికే విన్న రుక్మాబాయి ఆ చేయి పట్టుకుని గణుపులు లెక్కపెట్టింది.

"పన్నెండు అయినంక అధికమాసానికి బొటనవేలు ముడుస్తరు. ఇది నీకు మనోరమ జెప్పలేదా?"

"నేను అడగలే వదినె."

ఆమె ఇంకొక గంటె పప్పు వేసింది. ఆ రాత్రి ఇంట్లో చాపలు చాలలేదు. మర్నాడు బస్సెక్కుతూ అందరూ, నెలకు మళ్లీ వస్తామన్నారు.

ఈసారి తేదీ పంతులే చూశాడు. భూపాల్‌రావు ఇరవై రెండు కార్డులూ మళ్లీ రాసి, ‘తప్పక’ కింద గీత కూడా గీశాడు. మార్గశిర శుద్ధ నవమి నాడు అంతయ్య నలభై మందికి వండాడు. రుక్మాబాయికి జ్వరం. బాలకిషన్‌రావుకు సెలవు లేదు. మిగతావాళ్లు మొన్ననే వచ్చాం కదా అని రాశారు. పంతులు స్వయంపాకం తీసుకుని వెళ్లిపోయాక, వరండాలో రెండు విస్తళ్లు పడ్డాయి. ఒకటి అతనిది, పక్కన అక్బర్‌ది.

"అప్పుడు అంతమంది వచ్చిరి గద సార్," అన్నాడు అక్బర్, వాకిలివైపు చూస్తూ.

"అప్పుడు లెక్క తప్పింది," అన్నాడు భూపాల్‌రావు, బొటనవేలు ముడిచి.

ఈసారి లెక్కలో తప్పేమీ లేదు. టెలిగ్రామే ఇవ్వలేదు.