రెండు కాయల ముడుపు, మూడు చక్రాల బండి

చందుర్తిలో ఆ పొద్దు బాపు రావు అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి బండి తీయాలి, కోరుట్ల మీదుగా జగిత్యాల చేరాలి, పన్నెండు కొట్టేలోపు కంటి శిబిరంలో భార్య సరోజ పేరు రాయించాలి. పట్నం డాక్టరు ఏడాదికి ఒక్కసారే వస్తాడు. పన్నెండు దాటితే మళ్లీ పైయేడే. సరోజకు రెండు కళ్లలోనూ మోతిబిందు, అదే శుక్లం, ముదిరి ఎదుటి మనిషి నీడలాగా ఆనుతున్నాడు. ఇంకో ఏడాది ఆగితే ఆ నీడ కూడా ఆనేట్టు లేదు. బస్సులో పోదామంటే అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ పిలిచారు, డిపోలో బస్సు డిపోలోనే ఉంది.

ఇక మిగిలింది ఎడమపక్కన మనిషి కూర్చునే తొట్టి బిగించిన మోటరు సైకిలు. బాపు రావు ఇంట్లో దొరతనమంతా పోగా మిగిలిన దొరతనం అదొక్కటే. మూడు రోజుల కిందనే కోరుట్లలో ఎహసాన్ మేస్త్రీ దగ్గర సర్వీసింగు కూడా అయింది. అలాంటి బండి ఊరు దాటకముందే హాండిలు వణకడం, ఎడమకు గుంజడం మొదలుపెట్టింది. బాపు రావు కుడికి లాగితే అది ఎడమకు లాగుతోంది. ఇద్దరిలో అదే మొండిది.

"మొన్నటిదాక మంచిగనే ఉండె కద, గియ్యాల ఏమైంది?" అంది సరోజ తొట్టిలో ఊగుతూ.

"ఎహసాన్ ఏదో చెడగొట్టిండు" అన్నాడు బాపు రావు.

పాపం ఎహసాన్ ఏమీ చెడగొట్టలేదు. సర్వీసింగు అయిన రోజు బాపు రావు తిన్నగా ఇంటికి రాకుండా కొండగట్టు ఎక్కాడు. సరోజ కళ్లు బాగైతేనే విప్పుతానని కొండమీది ఆంజనేయుడు అంజన్నకు మొక్కి, కంటికొకటి చొప్పున రెండు కొబ్బరికాయలు ఎర్రగుడ్డలో ముడుపు కట్టించుకున్నాడు. ఈ పొద్దు తెల్లవారుజామున ఎవరూ లేవకముందే దాన్ని హాండిలుకు ఎడమవైపు, అద్దం కడ్డీకి, పాత క్లచ్ వైరుతో బిగించాడు. మొక్కు సరోజది కాబట్టి సరోజ వైపే ఉండాలని ఆయన లెక్క. ఈ సంగతి ఆమెకు చెప్పలేడు. ముప్పై ఏళ్లుగా ఆమె ముడుపు కట్టినప్పుడల్లా "కట్టుడెందుకు, పచ్చడి నూరు" అని వెక్కిరించిన నోరు అది. మరి ముడుపు వల్లనే బండి గుంజుతుందేమో అనుకోవచ్చు కదా అంటే, దేవుడి మూట మీద అనుమానం రావడమే పాపమని ఆయన భయం. కొత్తగా మొక్కినవాడికి భక్తి ఎక్కువ.

కోరుట్లలో ఎహసాన్ బండిని చూడగానే మూటనూ చూశాడు. ఏమిటని అడగబోతే బాపు రావు సరోజ వైపు కళ్లు తిప్పి, నోటి మీద వేలు పెట్టుకున్నాడు. ఎహసాన్‌కు సగం అర్థమైంది. ఎర్రగుడ్డ, పసుపు, కుంకుమ. హిందువుల దేవుడి మూటను తాను ముట్టుకుంటే బాగుండదు, దాని వల్లనే బండి చెడిందంటే అసలే బాగుండదు. మూట ఒక్కటి వదిలి మిగతా బండంతా వెతికాడు. గాలి చూశాడు, చక్రం తిప్పి చూశాడు, హాండిలు కింది బేరింగు గోళీలు బిగించాడు, తొట్టి కడ్డీలు వదులు చేసి మళ్లీ బిగించాడు. నడిపి చూస్తే అదే వణుకు, అదే గుంజుడు. గడియారం పదిన్నర చూపిస్తోంది.

చివరికి ఆ మర్యాదస్తుడికి ఒక ఉపాయం తట్టింది. పాత గుడ్డలో నట్లు, బోల్టులు, ఇనుప ముక్కలు మూటగట్టి, అదే బరువు చూసుకుని, కుడివైపు అద్దానికి వైరుతో కట్టాడు. దాంతో గుంజుడు పోయింది. కానీ రెండు మూటలూ అటూ ఇటూ ఊగడంతో వణుకు రెట్టింపైంది.

"ఇగ పోండి దొరా, తిన్నగనే పోతది. గట్టిగ పట్టుకోండి, అంతే" అన్నాడు ఎహసాన్.

జగిత్యాల ఇంకా పది కిలోమీటర్లుందనగా పోలీసుల చెకింగు తగిలింది. బంద్ రోజు, ఒంటరి బండి, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతూ వస్తోంది, హాండిలుకు రెండు కొసలా వైర్లతో బిగించిన మూటలు. ఎస్సై చెయ్యెత్తి ఆపాడు. దశరథం అనే కానిస్టేబులు కుడివైపు మూట మెల్లగా విప్పాడు. అందులో నట్లు, బోల్టులు కనబడ్డాయి. ఆ రోజుల్లో నట్లూ బోల్టులూ మూటలో ఎందుకుంటాయో పోలీసులకు ఒకరు చెప్పనక్కర్లేదు. మరు నిమిషంలో బాంబుకు జడిసి పోలీసులంతా రోడ్డు పక్క కాలువలో పడుకున్నారు. రోడ్డు మీద బండి, మొగుడు, పెళ్లాం మిగిలారు.

"ఆ రెండో మూటల ఏముంది?" అని కాలువలోంచి అడిగాడు ఎస్సై.

బాపు రావు సరోజ వైపు చూశాడు. చెప్పరాదు సార్ అన్నాడు. తుపాకులు ఆయన వైపు తిరిగాయి. సరోజకు తుపాకులు ఆనలేదు గానీ అవి సవరించుకున్న చప్పుడు వినబడింది, ఏముందో చెప్పమని ఆమె కూడా అడిగింది.

"ముడుపు" అన్నాడు బాపు రావు తల దించుకుని. "ఈమె కండ్లకు కట్టిన. కండ్లు అచ్చినంకనే విప్పుత అని అంజన్నకు మొక్కిన."

కాలువలోంచి ఒక్కొక్కరే లేచారు. మూట విప్పి చూపించమన్నాడు ఎస్సై. మాట తప్పలేనన్నాడు బాపు రావు. నువ్వు విప్పు అని దశరథానికి చెబితే, తానూ అంజన్న భక్తుడినేనని, ఇంకొకరి ముడుపు ముట్టనని అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. విప్పందే బండి కదలదు, బండి కదలందే కళ్లు రావు, కళ్లు రాందే ముడుపు విప్పరాదు. పావు తక్కువ పన్నెండయింది. బాపు రావుకు ఏడుపొచ్చినంత పనైంది.

సరోజ తొట్టిలోంచి దిగి, బండిని తడుముకుంటూ ముందుకొచ్చి మూటను పట్టుకుంది.

"మొక్కింది మీరు. విప్పనన్నది మీరు. నేను ఏం మొక్కలే, నేను విప్పుత" అంది. వైరు తిప్పి, మూట విప్పి చూపించి, కాయలు రెండూ కొంగులో వేసుకుని, గుడ్డను నిమిరింది. ముప్పై ఏళ్లలో ఆమెకు మొగుడి మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు.

పన్నెండింటి శిబిరం సంగతి విని ఎస్సై మనసు కరిగింది. బండి మీద పోతే అప్పటికి అందదు, అమ్మను మా జీపులో దింపుతాం అన్నాడు.  బాపు రావు భార్యను పక్కకు తీసుకెళ్లి, పోలీసు జీపు ఎక్కినమని తెలిస్తే అన్నలు ఇన్ఫార్మర్లంటరు, రేపు ఊర్ల ఎట్ల ఉంటం అని గొణిగాడు.

"నాకు కండ్లు కనవడయి. అది ఎవరి జీపో నాకెట్ల తెలుస్తది?" అంటూ సరోజ ఎక్కి కూర్చుంది.

పన్నెండుకు రెండు నిమిషాలుండగా పేరు రాసుకున్నారు. రెండు మూటలూ లేని బండి మీద బాపు రావు వెనకాలే వచ్చాడు. హాండిలు ఒక్కసారి కూడా వణకలేదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ముందు ఒక కంటికే ఆపరేషన్ చేశారు. ఏడో రోజు కట్టు విప్పి, డాక్టరు మందపాటి అద్దాలు పెట్టాడు. సరోజ ఎదురుగా నిలబడ్డ మొగుణ్ని కిందినుంచి పైదాకా నింపాదిగా చూసింది.

"ఇంత ముసలోడు అయిండ్రా మీరు?" అంది. "నాకు ఎవరు చెప్పకపాయె."

రెండో కంటికి వచ్చే ఏడాది తప్పకుండా తీసుకురమ్మన్నాడు డాక్టరు. రెండో కన్ను కూడా వస్తే ఇంకెంత ముసలోడిగా ఆనుతానో అని బాపు రావు అప్పటికప్పుడు ఏ మాటా ఇవ్వలేదు.