తూర్పుకు పడిన ఓట్లు

ఆ ఆదివారం ఉదయం కాలనీ పార్కు సంఘం అధ్యక్షుడి పథకం చాలా సులువైనది. మునిసిపాలిటీ నుంచి వస్తున్న ఇంజనీరమ్మను గేటు దగ్గర పలకరించాలి. పార్కు వెనక మొదలయ్యే కాలిబాట ముందు నిలబెట్టి ఫోటో తీయించాలి. మొదటి మలుపు రాకముందే ఆమెకు దాహం వేస్తోందని తానే గ్రహించి టీ కొట్టుకు మళ్లించాలి. ఎందుకంటే మొదటి మలుపు తర్వాత ఏముందో అధ్యక్షుడికి తెలియదు.

ఆ సంగతి కాలనీలో మరెవరికీ తెలియదని ఆయన నమ్మకం. బ్యాంకు మేనేజరుగా రిటైరైన మర్నాటి నుంచీ ఆయన తెల్లవారగానే తెల్ల బూట్లు బిగించి, "నడకకి వెళ్లొస్తా" అని వంటింట్లోకి వినపడేలా చెప్పి బయల్దేరేవాడు. తిన్నగా గేటు పక్క టీ కొట్టుకు వెళ్లి గోడవైపు కుర్చీలో కూర్చునేవాడు. ఎండాకాలం పందిరి కింద, వానాకాలం రేకు కింద, చలికాలం పొయ్యి పక్కన. కాలాన్ని బట్టి ఆయన కుర్చీ కదిలేదే గానీ ఆయన కదిలింది లేదు. టీలో బన్ను ముంచుకు తిని, ఇంటికి వచ్చే ముందు కొళాయి కింద మొహం తడుపుకుని, చెమట సిద్ధం చేసుకునేవాడు.

సభల్లో మాత్రం గొంతు మారిపోయేది. "వానైనా, ఎండైనా, చలైనా, నేను నాగా పెట్టను!" అని బల్ల చరిచేవాడు. అంత నడిచినా బూట్లు కొత్తగానే ఉన్నాయేమని ఎవరైనా అడిగితే, "అడుగు వెయ్యడంలో ఒక పద్ధతుంటుందండీ, అందరికీ పట్టుబడదు" అనేవాడు. ఇంట్లో భార్య చెప్పులు ఆర్నెల్లకే అరిగిపోయేవి, ఎప్పుడు చూసినా వెనక గుమ్మం దగ్గర మట్టికొట్టుకుని ఉండేవి. "మొక్కలకి నీళ్లు పొయ్యడానికి కూడా ఒక పద్ధతుంది" అని ఆమెకూ బోధించాడు. ఆమె తలూపింది. ఆ ఇంట్లో తలూపడం ఆమె పని.

ఇంతలో కాలనీలో కార్లు పెట్టుకోవడానికి చోటు చాలక గొడవలు మొదలయ్యాయి. "దగ్గర్లో ఎవరూ వాడని స్థలం ఏదైనా ఉంటే చూసి పార్కింగుకి ఇప్పించండి" అని అధ్యక్షుడే మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. వాళ్లు వెతికి వెతికి, ఎవరూ వాడని స్థలం ఆ కాలిబాటేనని తేల్చారు. ఆ కబురు తెలిసిన పూట ఆయన భార్య పొయ్యి ఆర్పేసి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఆ బాట పోతే నేను ఊరుకోను. పెట్టిన చేత్తోనే ఆ అర్జీ వెనక్కి తీసుకోండి."

"నీకెందుకంత పట్టింపు? నడిచేది నేను కదా!"

"మరి మీకుండాలిగా బాధ?"

ఆయన వెంటనే ఫోన్ అందుకున్నాడు. కాలనీ జనమంతా ఏడాది పొడవునా ఆ బాటలోనే నడుస్తారనీ, అందరికంటే ముందు తానే నడుస్తాననీ మునిసిపాలిటీకి చెప్పాడు. "అయితే మంచిదేగా సార్. ఆదివారం వస్తాను, కలిసి నడుద్దాం. జనం తిరుగుతున్నట్టు నా కళ్లతో చూస్తే బాట జోలికి రాం. లేకపోతే సోమవారమే తవ్వకం మొదలు" అంది ఇంజనీరమ్మ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. వెనక గొయ్యి దగ్గర భార్య కూడా నిలబడి ఉంది.

ఆదివారం పొద్దున్న ఆయన బూట్లు బిగించుకుంటుంటే ఆమె అడిగింది. "నేనూ రానా? దారి చూపిస్తా."

"నువ్వా! అంతా తుప్పలు, పురుగూ పుట్రా. అలవాటు లేనివాళ్లు తట్టుకోలేరు. ఇంట్లో ఉండు."

"సరే" అని ఆమె వెనక గుమ్మం వైపు వెళ్లిపోయింది.

గేటు దగ్గర సంఘం పెద్దలిద్దరు అప్పటికే నిలబడి ఉన్నారు. ఒకాయన కార్యదర్శి, బడిలో భూగోళం చెప్పి రిటైరైన మాస్టారు. రెండో ఆయన కోశాధికారి, వృత్తిరీత్యా ఆడిటరు. ఇవాళ్టి సందర్భానికని ఆడిటరు కొత్త తోలు బూట్లు తొడుక్కొచ్చాడు. ఇంజనీరమ్మ పాత కాన్వాసు బూట్లు వేసుకుని, భుజాన నీళ్ల సీసా తగిలించుకుని దిగింది. ఆ సీసా చూడగానే దాహం పథకం నీళ్లపాలైందని అధ్యక్షుడికి అర్థమైంది.

మొదటి మలుపు దగ్గర ఆయన ప్రయత్నం ఆయన చేశాడు. "అమ్మా, దాహం వేస్తున్నట్టుంది..."

"సీసా ఉందండీ. పదండి, మొత్తం చూద్దాం."

సరిగ్గా అప్పుడే ఆయనకు బోర్డులు గుర్తొచ్చి ప్రాణం లేచి వచ్చింది. కిందటేడు సంఘం ఆ బాట పొడవునా బాణం గుర్తులతో పచ్చ బోర్డులు పాతించింది. బాణాలు చూసుకుంటూ పోతే చాలు, కళ్లున్న ఎవడైనా నాయకుడే!

ఆ బోర్డుల పుట్టుక గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. అవి ఎక్కడెక్కడ పాతాలో తేల్చడానికి సంఘం బాట దగ్గరికి వెళ్లలేదు, ఆఫీసు గదిలో ఫ్యాను కింద సమావేశమైంది. బల్ల మీద మ్యాపు పరిచారు. బల్లకు అటు కూర్చున్నవాళ్లకు తూర్పు ఒకవైపు కనిపించింది, ఇటు కూర్చున్నవాళ్లకు ఇంకోవైపు. లేచి కిటికీలోంచి సూర్యుణ్ణి చూడొచ్చని ఎవరికీ తోచలేదు. వాదన ముదిరి, టీ చల్లారి, చివరికి అధ్యక్షుడు ప్రజాస్వామ్య పద్ధతిలో ఓటింగు పెట్టాడు. తూర్పు చిత్తుగా ఓడిపోయింది. రిటైరయ్యాక వివాదాల్లో తల దూర్చనని భూగోళం మాస్టారు తటస్థంగా ఉండిపోయాడు. తీర్మానం ప్రకారం బోర్డులన్నీ పాతారు.

మొదటి బాణం వెంట తుప్పల్లోంచి వెళ్లి వాళ్లు ఒక దిబ్బ ఎక్కారు. అక్కడ 'సూర్యోదయ వీక్షణ స్థలం' అన్న బోర్డు ఉంది. నలుగురూ అది చూపించిన వైపు తిరిగి నిలబడ్డారు. వెచ్చటి ఎండ నలుగురి వీపుల మీదా పడింది.

"సూర్యుడు వెనకున్నాడేంటండీ?" అంది ఇంజనీరమ్మ.

"ఈ నెలలో అంతేనమ్మా" అన్నాడు అధ్యక్షుడు ఏమాత్రం తడుముకోకుండా. "కాలాన్ని బట్టి జరుగుతుంటాడు. రోజూ వచ్చేవాళ్లకి తెలుస్తుంది."

ఆమె భూగోళం మాస్టారి వైపు చూసింది. మాస్టారు ఒక చెట్టును జన్మలో చూడనట్టు చూస్తూ నిలబడ్డాడు.

రెండో బోర్డు 'పక్షుల విడిది'. బాణం వెంట తుప్పలు తప్పించుకుంటూ, ముళ్లు గీరుకుంటూ వెళ్తే నిజంగానే పక్షుల కూతలు వినిపించాయి. "చూశారామ్మా! ఈ చోటుకి వలస పక్షులు కూడా వస్తాయి" అంటూ అధ్యక్షుడు వంగి కొమ్మలు తప్పించాడు. అవతల ఒక ఇంటి పెరట్లో ఇనుప తీగల గూడు, అందులో కోళ్లు. ఆ ఇంట్లో కొన్నాళ్లుగా గుడ్లు మాయమవుతున్నాయి. నలుగురు మనుషులు వంగి గూట్లోకి తొంగి చూడటం ఆ ఇంటి ఇల్లాలి కంటపడింది.

"దొరికార్రా గుడ్ల దొంగలు! పొద్దున్నే పెద్దమనుషుల్లా బట్టలేసుకుని మరీ వస్తున్నారు!" అని కేకేసి ఆమె కుక్కను వదిలింది.

"అమ్మా, నేను అధ్యక్షుణ్ణి!" అన్నాడు అధ్యక్షుడు.

"ఓహో, దీనికో సంఘం కూడానా!"

ఇక పరుగే. అధ్యక్షుడు ఆ బాటలో వేసిన మొట్టమొదటి నిజమైన అడుగులు అవే. అవి చాలా వేగంగా పడ్డాయి. వెనకాల ఆడిటరు, ఆ వెనక మాస్టారు. ఇంజనీరమ్మ మాత్రం పరిగెత్తలేదు. నిలబడి కుక్కను చూసి చిటికె వేసింది, అది ఆమె చేయి నాకి, పారిపోయేవాళ్ల వెంట పడింది. మురుగు కాలువ దాటుతుంటే ఆడిటరు కొత్త బూటు బురదలో దిగబడిపోయింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని బళ్లో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిన మాస్టారు ఆ బూటు లాగబోయి తానూ కూలబడ్డాడు. మోకాళ్ల దాకా నల్లటి బురద.

'విశ్రాంతి స్థలం' అన్న బోర్డు దగ్గర అధ్యక్షుడు ఆగకుండా బాణం చూపిన వైపే దూసుకుపోయాడు. బాణం కుంటలోకి చూపిస్తోంది. తొడల లోతు నీళ్లలో నిలబడ్డాక గానీ ఆయనకు విశ్రాంతి దొరకలేదు. కుక్క గట్టు మీద కూర్చుని ఆయన్ని చూసి చూసి, విసుగొచ్చి ఇంటికి పోయింది.

వెనక నింపాదిగా నడిచి వచ్చిన ఇంజనీరమ్మ చెయ్యి అందించి ఆయన్ని గట్టుకు లాగింది. బోర్డు మీది బాణాన్నీ, కుంటనూ ఒకసారి మార్చి మార్చి చూసింది.  కంచె సందులోంచి దూరి నలుగురూ బయటపడితే, అది టీ కొట్టు వెనక పెరడు.

టీ కొట్టతను సంతోషంగా ఎదురొచ్చాడు. "ఇవాళ ఇంత ఆలస్యమేంటి సార్? అదేంటి, వెనకనించొచ్చారు? మీ కుర్చీ తుడిచి ఉంచా. బన్ను కూడా తీసిపెట్టా."

ఇంజనీరమ్మ కుర్చీని చూసింది, అధ్యక్షుణ్ణి చూసింది. "సారు రోజూ ఇక్కడికే వస్తారా?"

"రోజూనమ్మా!" అన్నాడు టీ కొట్టతను, తన గిరాకీ గొప్ప చెప్పుకునే ఉత్సాహంలో. "వానైనా, ఎండైనా, చలైనా, సారు నాగా పెట్టరు."

తేలు కుట్టిన దొంగలా అధ్యక్షుడు బన్ను వైపు చూడకుండా నిలబడ్డాడు. ప్యాంటులోంచి కుంట నీళ్లు బూట్లలోకి కారుతున్నాయి. ఇన్నాళ్లకు ఆ బూట్లు నిజంగా మాసిపోయాయి, కానీ చూపించుకునే పరిస్థితి లేదు. పరువు పోయినందుకు కాదు, ఇంటికెళ్లి "బాట పోయింది" అని భార్యకు ఎలా చెప్పాలా అని ఆయనకు మొదటిసారి నిజంగా భయం వేసింది.

"ఇక రిపోర్టులో రాయడానికేముంది, తవ్వకానికి రమ్మని చెప్తా" అంటూ ఇంజనీరమ్మ సెల్‌ఫోన్ తీసింది.

అప్పుడే బాట వైపు నుంచి మాటలు, నవ్వులు వినిపించాయి. చెట్ల మధ్య నుంచి ఒక గుంపు నడిచి వస్తోంది. రాత్రి డ్యూటీ దిగిన నర్సు, చంటిపిల్లను భుజానేసుకున్న దర్జీ, చేతికర్రతో ఒక ముసలాయన, కుక్కను పట్టుకుని ఇందాకటి కోళ్లావిడ. అందరికంటే ముందు, చెమటతో మెరుస్తున్న మొహంతో, మట్టి చెప్పులతో అధ్యక్షుడి భార్య.

"మీరంతా..." అంది ఇంజనీరమ్మ.

"రోజూ వచ్చేవాళ్లమేనమ్మా" అంది ఆమె. "కుంట చుట్టూ తిరిగి వస్తాం. వానాకాలం ఆ దిబ్బ మీంచి వెళ్తాం, కింద జారుతుంది కదా. ఎండాకాలం చెట్లవైపు."

"మరి ఆ బోర్డులు?"

"అవి ఎటు చూపిస్తే అటు పోకూడదని కొత్తవాళ్లకి చెప్తాం. ఆ రకంగా బాగానే పనికొస్తున్నాయి."

ఇంజనీరమ్మకు మొదటిసారి నవ్వొచ్చింది. "నేనూ గమనించాను. ప్రతి మలుపులోనూ అరిగిన బాట ఒకవైపు, బోర్డు ఇంకోవైపు. గడ్డి మొలవలేదంటే ఎవరో తిరుగుతున్నారనే కదా అనుకున్నా. మనుషులు కనిపించలేదనే ఆగాను." ఆమె సెల్‌ఫోన్ జేబులో పెట్టేసింది. "బాట ఉంటుంది. బోర్డులు పీకేయండి. అవునూ, మీరెందుకు సంఘంలో లేరు?"

"నడిచేవాళ్లకి సంఘానికి తీరికెక్కడిదమ్మా" అంది అధ్యక్షుడి భార్య.

ఇంటికి వెళ్లే దారిలో అధ్యక్షుడి బూట్లు పిచుక్ పిచుక్‌మన్నాయి. ఆయన భార్యను అడిగాడు. "టీ కొట్టు సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. రుమాలు మర్చిపోయారని తెచ్చాను. మీరు రెండో బన్ను తింటున్నారు. మిమ్మల్ని పిలవలేక అలాగే ముందుకి నడిచాను. బాగుందనిపించింది."

"మరి ఇన్నాళ్లూ అడగలేదే?"

"అడిగితే మీరు నిజంగా నడవడం మొదలుపెడతారేమోనని." ఆమె చెప్పుకి అంటిన మట్టి రాయికి దులిపింది. "ఇంట్లో రోజంతా మీ పద్ధతులు వింటాను కదండీ. ఆ గంట ఒక్కటే నాది. మీరు ఎదురుపడరన్న ధీమా ఉన్న చోటు ఈ లోకంలో అదొక్కటే."

ఆయనకు ఆ మాట సూటిగానే తగిలింది. ఇద్దరూ వీధి చివరికి వచ్చారు. గేటు తీస్తూ ఆయన గొంతు సవరించుకున్నాడు. "తప్పు నాదే. రేపటినించి నేనూ నీతోనే నడుస్తా. ఎలా నడవాలో పద్ధతి కూడా..."

ఆమె మొహం పాలిపోయింది. బాట పోతుందన్న రోజున కూడా అంత పాలిపోలేదు. కానీ ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి కదా, వెంటనే తేరుకుంది.

"అలాగే, కానీ ముందు ఆ బోర్డుల సంగతి తేల్చాలి కదండీ? మీరు లేకుండా ఎవరు తేలుస్తారు? తెల్లవారుజామునే సమావేశం పెట్టండి, ఆ టీ కొట్లోనే. ఒక్కరోజులో తేలే విషయమా అది!"

అధ్యక్షుడి మొహం వెలిగింది.

మర్నాడు ఆమె బాట ఎక్కే వేళకు టీ కొట్లో బల్ల మీద మ్యాపు పరిచారు. మిగతా సభ్యులతో పాటు ఒంటి బూటుతో ఆడిటరు, దగ్గుతూ మాస్టారు హాజరయ్యారు. బోర్డులు పీకడం ఎటునించి మొదలెట్టాలన్న వాదన ముదిరింది, టీ చల్లారింది, ఓటింగు జరిగింది. మాస్టారు మళ్లీ తటస్థంగానే ఉన్నాడు. ఈసారి తూర్పు గెలిచింది గానీ, ఒక్క ఓటు తేడాతో.