శీర్షిక రాయని పట్టిక

మార్చి తొమ్మిది, సోమవారం. ఆ పొద్దున కోడలు యోగిత పెసరట్లు వేసిందనీ, అల్లప్పచ్చడితో రెండు తిన్నాననీ, కాఫీ మాత్రం వద్దన్నాననీ రామ్మోహనరావుగారికి ఇప్పటికీ గుర్తు. నలభై ఏళ్లలో ఆయన కాఫీ వద్దనడం అదే మొదటిసారి. యోగిత గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఆ రోజుకు ఆయన పథకం చిన్నదే. సాయంత్రం ఐదింటికి లైబ్రరీకని చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మూడు రోజుల లెక్క చూపించి, ఏమీ ఎరగనట్టు పద్మారావు నగర్‌లోని ఫ్లాటుకు తిరిగి రావాలి.

ఏడాదిగా రాత్రికి నాలుగైదుసార్లు లేవాల్సి వస్తోంది. లేచినా పని వెంటనే కాదు, గోడకు చెయ్యి ఆనించి ఎదురుచూడాలి. భార్య ఉండి ఉంటే ఆమెకైనా చెప్పేవారు. కొడుకు దగ్గరా కోడలి దగ్గరా ఆ మాట ఎత్తడం కన్నా గోడను నమ్ముకోవడమే నయమనుకున్నారు. చివరికి, తెలిసినవాళ్లు ఎదురుపడరని బన్సీలాల్‌పేట్‌లో ఒక క్లినిక్కుకు వెళితే, డాక్టరు కుర్చీలో డోరా అనే ముప్పై ఐదేళ్ల అమ్మాయి ఉంది. మోకాలి నొప్పి అని చెప్పి ఆయన లేవబోయారు.

"ఇక్కడికి చాలామంది మోకాలి నొప్పితోనే వస్తారండీ. కూర్చోండి," అందామె.

ఒక మాత్ర రాసి, గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు చేతికిచ్చి, మూడు రోజులు ఎప్పుడెప్పుడు వెళ్లిందీ, ఎన్ని మిల్లీలీటర్లు అయిందీ రాసుకు రమ్మంది. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పిన మనిషి కాబట్టి రావుగారు స్కేలుతో గీతలు కొట్టి మరీ రాశారు. పైన శీర్షిక మాత్రం పెట్టలేదు. పొరపాటున ఎవరి చేతికైనా చిక్కితే పరువు పోతుందని.

పదకొండింటికి యోగిత ఉతికిన బట్టలు ఆయన బీరువాలో సర్దుతుంటే శాలువా వెనక నోటుబుక్కూ, కొలగ్లాసూ దొరికాయి. వెంటనే ఆఫీసులో ఉన్న మొగుడికి ఫోన్ చేసింది.

"ఏవండీ, మావయ్యగారు తాగుతున్నారండీ!"

"నాన్నా? ఆయన సోడా కూడా తాగరు కదే!" అన్నాడు సత్యదేవ్.

"రాసి పెట్టుకున్నారండీ. రాత్రి పదకొండుకి తొంభై, ఒంటిగంటకి అరవై, మూడింటికి మళ్లీ తొంభై. తెల్లారగట్ల నూట ఎనభై! క్వార్టరండీ!"

"క్వార్టరంటే ఎంతో నీకెలా తెలుసు?"

"మీ స్నేహితుల్ని భోజనానికి పిలిచినప్పుడు తెలిసింది. ముందు మీరు రండి. రాత్రుళ్లు గోడ పట్టుకుని నడుస్తున్నారు, పాపం. మంచం మీంచి లేస్తే తూలుతున్నారు."

సత్యదేవ్ వస్తూ వస్తూ కింది అంతస్తులోని భద్రయ్యను వెంటబెట్టుకొచ్చాడు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, పదేళ్ల కిందట మందు మానేసి అప్పట్నుంచీ నలుగురికీ బుద్ధి చెబుతున్నాడు. వెనకే ఆయన భార్య అనసూయమ్మ, చెంబుడు మజ్జిగతో.

"తాగు అన్నా, గటగట తాగు. లోపలున్నదంత చల్లబడతది," అందామె.

ఎందుకో తెలియకపోయినా రావుగారు మర్యాదకు తాగారు. చెంబు కింద పెట్టాక సత్యదేవ్ తల వంచుకుని అడిగాడు. "నాన్నా, మీరు... మందు తీసుకుంటున్నారా?"

బల్ల మీద నోటుబుక్కు, దాని పక్కన కొలగ్లాసు. రావుగారికి క్షణంలో అంతా అర్థమైంది. ఆ గ్లాసు దేనికో కోడలి ఎదుట చెప్పాలి, లేదా తాగుబోతని ఒప్పుకోవాలి. రెండు సిగ్గులనూ తూచి చూసుకున్నారు. తాగుబోతే కాస్త గౌరవంగా తోచాడు.

"అవును," అన్నారు.

యోగిత కళ్లు తుడుచుకుంది. భద్రయ్య ఉపన్యాసం మొదలుపెట్టాడు. "గిట్లయితె ఎట్ల రావుసాబ్? చదువుకున్నోడివి. తక్లీఫ్ ఉంటె నాకు చెప్పొద్దా?"

ఈలోగా మజ్జిగ తన పని తాను చేసింది. రావుగారు లేచి బాత్‌రూమ్ వైపు అడుగేశారు.

"ఎక్కడికి నాన్నా?" సత్యదేవ్ అడ్డం నిలబడ్డాడు. "సీసా అక్కడే దాచారా?"

"తప్పుకోరా," అన్నారాయన. ఆ గొంతు విని సత్యదేవ్ తప్పుకున్నాడు.

లోపల గడియ పడింది. బయట నలుగురూ తలుపు దగ్గర చేరారు. వాళ్లు వింటున్నారని ఆయనకు తెలుస్తోంది, అందుకే ఏమీ రావడం లేదు.

"చప్పుడే లేదండీ. పడిపోయారేమో!" యోగిత తలుపు తట్టింది. లోపల రాబోయింది కాస్తా ఆగిపోయింది. "మావయ్యగారూ!" మళ్లీ తట్టింది. మళ్లీ ఆగింది. అరవై తొమ్మిదేళ్ల జీవితంలో అంత ఒంటరిగా, అంతమంది మధ్య ఆయన ఎన్నడూ లేరు.

ఖాళీగా నిలబడ్డ భద్రయ్య కళ్లజోడు పెట్టుకుని నోటుబుక్కు తిరగేశాడు. మొదటి పేజీ చూశాడు, రెండోది చూశాడు. కొలగ్లాసు వైపు ఒకసారి చూసి గొంతు సవరించుకున్నాడు.

"జెర అందరు హాల్లకు నడువుండ్రి. నడువుండ్రి అంటున్న!" వాళ్లను తరిమి, తలుపుకు నోరు దగ్గరగా పెట్టి మెల్లగా అన్నాడు. "రావుసాబ్, నల్లా తిప్పుకో. నీళ్లు పడే చప్పుడు ఇంటె అదే వస్తది. ఫికర్ చెయ్యకు, ఎవ్వరు లేరిక్కడ."

ఇంత దయగల మాట రావుగారు చాలాకాలంగా వినలేదు. కుళాయి తిప్పారు.

హాల్లో భద్రయ్య తీర్పు చెప్పాడు. "గిది తాగిన లెక్క గాదు బిడ్డా, పోసిన లెక్క. మూత్రం సంచి కింద ప్రోస్టేట్ అని గడ్డ ఉంటది. వయసు మీద పడ్డంక పెరిగి, నడుమల పోయే పైపును పిసుకుతది. మొగోళ్లల్ల శానమందికుంటది. దీనికిచ్చే గోలీ ఏసుకున్నంక గబుక్కున లేస్తె తల తిరుగుతది, గందుకే తూలుతుండు."

"నీకెట్ల ఎరుక?" అంది అనసూయమ్మ.

భద్రయ్య నోటుబుక్కు మూశాడు.

"రెండేండ్లాయె. నాకు సుత ఉన్నది."

"మరి బీపీ గోలీ అని మింగుతవు గదా!"

"అదే ఇది."

"నడువు కిందికి," అంది అనసూయమ్మ, ఖాళీ చెంబు తీసుకుంటూ.

సాయంత్రం రావుగారు క్లినిక్కుకు ముగ్గురిలో ఒకరిగా వెళ్లారు. యోగిత వైపు చూడలేక దారంతా కారు కిటికీ వైపే చూశారు. డాక్టర్ డోరా పట్టికను మెచ్చుకుంది. స్కానింగు, రక్తపరీక్ష చేయిస్తే సంగతి తేలుతుందనీ, గ్రంథి పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదనీ చెప్పింది. ముందు రాసిచ్చిన మాత్ర మూత్రం దారిని వదులు చేస్తుంది. గ్రంథిని తగ్గించే మాత్ర వేరే ఉంది, అది పనిచేయడానికి నెలలు పడుతుంది. రెంటికీ లొంగకపోతే ఆపరేషన్. మంచం మీంచి నెమ్మదిగా లేవాలి. జలుబు మాత్రలు ఆ దారిని బిగిస్తాయి కాబట్టి అడగకుండా వేసుకోకూడదు. ఒక్క చుక్కా రాకపోతే వెంటనే ఆసుపత్రికి రావాలి.

"ఇవాళ మధ్యాహ్నం గడి ఖాళీగా వదిలేశారేం?"

"ఇంటిల్లిపాదీ తలుపు దగ్గరున్నారమ్మా," అన్నారు రావుగారు.

రాత్రి పది కొట్టాక యోగిత నడవాలో చిన్న లైటు వేసి ఉంచింది. శుభ్రంగా కడిగిన కొలగ్లాసు బాత్‌రూమ్ అరలో, అందరి బ్రష్షుల పక్కన కనబడుతోంది. ఆయన గది గుమ్మం దగ్గర ఆగి, "మావయ్యగారూ, రేపు పొద్దున కాఫీ అరగ్లాసు ఇస్తాను. డాక్టరుగారిని అడిగే వచ్చా," అంది.

ఆయన తలెత్తలేదు గానీ తలూపారు. ఆమె చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

కింది అంతస్తులో బీపీ మాత్ర మీద విచారణ ఇంకా జరుగుతోంది.